ల్యాబ్‌లో మొదటి నెల: ముందు నీళ్లు, తర్వాతే డీఎన్‌ఏ

ఏటా జూన్ దాటగానే మా ల్యాబ్‌కి కొత్త పిల్లలొస్తారు. కొందరు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి, కొందరు జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీకి. మొదటి రోజే అడిగేస్తారు, "మేడమ్, పీసీఆర్ ఎప్పుడు చేద్దాం?" అని. పీసీఆర్ అంటే డీఎన్‌ఏ ముక్కని కోట్ల కాపీలుగా పెంచే పద్ధతి. నేను బీకరులో నీళ్లు పోసి, కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్ ఒకటి చేతికిచ్చి, బ్యాలెన్స్ ముందు కూర్చోబెడతాను. "వంద మైక్రోలీటర్లు తీసి తూచు. అంకె రాసుకో. మళ్లీ తియ్యి. అలా పదిసార్లు." మొహం చిన్నబోతుంది. ఇన్ని పరీక్షలు రాసి వచ్చింది నీళ్లు తూచడానికా అన్నట్టు చూస్తారు.

హైదరాబాద్‌లో ఒక బయాలజీ ల్యాబ్‌లో 24 ఏళ్లుగా టెక్నికల్ పోస్టులో ఉన్నాను. నాకు పీహెచ్‌డీ లేదు. పేపర్లలో నా పేరు ఎక్కువగా చివర కృతజ్ఞతల పేరాలోనే ఉంటుంది. కానీ ఎవరి ప్రయోగం పాడైనా గైడ్ దగ్గరికి వెళ్లేముందు నా దగ్గరికొస్తారు. అలా వచ్చినవాటిలో ఆలోచనే తప్పిన కేసులు చాలా తక్కువ. నీళ్లు, తూకం, లేబుల్, చేయి, ఈ నాలుగింట్లో ఎక్కడో తేడా జరిగి ఉంటుంది. అందుకే ఎవరు చేరినా నేను ముందు చెప్పేది ఒకటే: నీ చేయి ఎంత తప్పుతుందో నీకు తెలియాలి. అది తెలియకుండా వచ్చిన రిజల్ట్ నిజమో, చేతి తప్పో ఎలా చెప్తావు?

పిపెట్

నేను బీఎస్సీ చదివే రోజుల్లో గాజు పిపెట్‌ని నోటితో పీల్చేవాళ్లం. ఒకసారి సోడియం హైడ్రాక్సైడ్ నాలుకకి తగిలి రెండు రోజులు కారం, ఉప్పు తెలియలేదు. 1957లో జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ అనే డాక్టర్ స్ప్రింగు, పిస్టన్ పెట్టి, బొటనవేలితో నొక్కే పిపెట్ తయారుచేశాడు. మీ చేతిలో ఉన్నది దాని మనవరాలే. నోటితో పీల్చడం ఇప్పుడు ఎక్కడైనా కనిపిస్తే, ఆ ల్యాబ్‌లో మిగతా పనులూ అనుమానించండి.

ముందు అంకెలు చదవడం నేర్చుకోండి. నవ్వకండి, ఏడాదికొకరైనా ఇక్కడే పడతారు. పిపెట్ పేరులోని అంకె, అది గరిష్ఠంగా ఎన్ని మైక్రోలీటర్లు తీస్తుందో చెప్తుంది. పీ20 మీద 100 అని కనిపిస్తే అది 10 మైక్రోలీటర్లు. పీ200 మీద 100 అంటే వందే. పీ1000 మీద 100 అంటే వెయ్యి. ఒకే అంకె, మూడు అర్థాలు. అలాగే పరిమితి దాటించి తిప్పకండి. పీ20ని 20 దాటించి తిప్పితే లోపల పళ్లు దెబ్బతింటాయి. బయటికి బాగానే కనిపిస్తుంది, ఆ రోజు నుంచి మాత్రం ప్రతి కొలతా అబద్ధమే చెప్తుంది.

బొటనవేలు నొక్కితే రెండుచోట్ల ఆగుతుంది. మొదటి ఆగుడు దాకా నొక్కి, అప్పుడు టిప్‌ని (పిపెట్ కొనకి తొడిగే ప్లాస్టిక్ ముక్క) నీళ్లలో ముంచి, మెల్లగా వదలాలి. పోసేటప్పుడు గొట్టం గోడకి టిప్ ఆనించి మొదటి ఆగుడు, ఒక క్షణం ఆగి రెండో ఆగుడు. కొత్తవాళ్లు తీసేటప్పుడే రెండో ఆగుడు దాకా నొక్కేస్తారు. దాంతో ఎక్కువ ద్రవం లోపలికొస్తుంది. బొటనవేలు టక్కున వదిలేస్తే ద్రవం పైకి ఎగిరి పిపెట్ లోపలికే పోతుంది. అది ఆసిడ్ అయితే పిస్టన్ తుప్పు పడుతుంది, బ్యాక్టీరియా కల్చర్ అయితే తర్వాత వాడే ప్రతివాళ్లకీ ఉచిత కానుక.

టిప్‌ని రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ముంచొద్దు. పిపెట్ నిలువుగా ఉండాలి. కొత్త టిప్ పెట్టాక ఒకట్రెండు సార్లు ద్రవం తీసి అదే సీసాలోకి వదిలి, తర్వాత కొలవండి. లోపలి గాలికి తడి పట్టాకే కొలత నిలకడగా వస్తుంది. టిప్‌లో ద్రవం ఉండగా పిపెట్‌ని బల్ల మీద పడుకోబెట్టొద్దు. ఫోన్ మోగినా సరే.

ఇక పరీక్ష. నాలుగు దశాంశాల బ్యాలెన్స్ కావాలి, అంటే మిల్లీగ్రాములో పదో వంతు చూపించేది. మూత ఉన్న చిన్న గొట్టం పెట్టి సున్నా చేయండి. నీళ్లు కనీసం గంట ముందే ఆ గదిలో పెట్టుకోండి. పీ200తో 100 మైక్రోలీటర్లు పోసి, మూత పెట్టి, అంకె నిలబడ్డాక రాసుకోండి. 25 డిగ్రీల దగ్గర 100 మైక్రోలీటర్ల నీళ్లు 99.7 మిల్లీగ్రాములు తూగాలి. మళ్లీ సున్నా చేసి మళ్లీ పోయండి. పది అంకెలు వచ్చాక సగటు తీయండి, తర్వాత ఆ పది అంకెలు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయో చూడండి.

అసలు విషయం ఇక్కడుంది. కూరగాయల బండి తక్కెడ ఎప్పుడూ కిలోకి యాభై గ్రాములు తక్కువే తూస్తుంటే, అది తక్కెడ దోషం. ఎంత తక్కువో తెలిస్తే సరిచేసుకోవచ్చు. అదే తక్కెడ ఒకసారి తక్కువ, ఇంకోసారి ఎక్కువ తూస్తుంటే, తూచే మనిషి చేయి ఊగుతోందని అర్థం. మీ పది అంకెలూ 96 దగ్గర గుంపుగా ఉంటే పిపెట్‌ని క్యాలిబ్రేషన్‌కి పంపండి. 95 నుంచి 104 దాకా చెల్లాచెదురుగా ఉంటే పిపెట్‌ని తిట్టకండి, రేపు పొద్దున మళ్లీ కూర్చోండి. నా లెక్క ఏమిటంటే, వంద దగ్గర చెదురు ఒక శాతం లోపలికి వచ్చినవాళ్లకి చేయి కుదిరినట్టే. చాలామందికి మూడు నాలుగు రోజులు పడుతుంది. చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్న ఒకమ్మాయికి మాత్రం మొదటి పూటే వచ్చేసింది. నాకైతే వారం పట్టింది.

నీళ్లతో చేయి కుదిరాక గ్లిసరాల్‌తో చేయిస్తాను. మేం వాడే ఎంజైములు ఎక్కువగా సగం గ్లిసరాల్‌లోనే వస్తాయి. అది తేనెలాగా టిప్ గోడలకి అంటుకుంటుంది. దానికి పద్ధతి తిరగేయాలి: రెండో ఆగుడు దాకా నొక్కి తీసి, మొదటి ఆగుడు దాకా మాత్రమే పోయాలి. టిప్‌లో కొంచెం మిగిలిపోతుంది, మిగలనివ్వండి. ఎంజైమ్ గొట్టంలో టిప్‌ని అడుగుదాకా ముంచితే, బయట అంటుకున్నదే మీరు కొలిచినదానికంటే ఎక్కువుంటుంది. పైపైన తాకించి తీయండి.

ద్రావణాలు: సీసా మీద ఏముందో చదవండి

2003 ప్రాంతంలో మా ల్యాబ్‌లో ట్యాక్ (పీసీఆర్‌లో డీఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్), పీసీఆర్ బఫర్ (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) అన్నీ మేమే తయారుచేసుకునేవాళ్లం. కొనడానికి డబ్బుల్లేక. మెగ్నీషియం క్లోరైడ్ స్టాక్ (పలచన చేసి వాడుకునే గాఢ ద్రావణం) అయిపోతే నేను కొత్తది చేశాను. ఆ రోజు నుంచి ఎవరికీ గెల్ మీద బ్యాండ్, అంటే పెరిగిన డీఎన్‌ఏ గీత, రాలేదు. పది రోజులు ఎంజైమ్‌ని అనుమానించాం, ప్రైమర్లని (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) అనుమానించాం, మిషన్‌ని బాగుచేసే మనిషిని కూడా పిలిపించాం. చివరికి తేలింది ఏమిటంటే, నేను లెక్క వేసింది నీళ్లు లేని మెగ్నీషియం క్లోరైడ్‌కి, దాని అణుభారం 95.2. సీసాలో ఉన్నది ఆరు నీటి అణువులు పట్టుకున్న రకం, 203.3. అంటే నేను పోసింది సగానికంటే తక్కువ. గాఢత 1.5 మిల్లీమోలార్ ఉండాల్సిన చోట 0.7 ఉంది. మెగ్నీషియం లేకపోతే ట్యాక్ పనిచేయదు.

ఆ సీసా మీద అంతా స్పష్టంగానే రాసి ఉంది. నేనే చదవలేదు. ఇప్పటికీ లెక్క కాగితం మీద మొదటి లైనులో సీసా మీద ఉన్న అణుభారాన్ని చూసి రాస్తాను, ఇంటర్నెట్‌లో చూసి కాదు. డైసోడియం ఫాస్ఫేట్ అయితే మరీ ఘోరం, నీళ్లు లేనిది 142, పన్నెండు నీటి అణువులున్నది 358. రెండు సీసాలూ ఒకే అలమరాలో పక్కపక్కనే ఉంటాయి. పైగా మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని సీసాలో పొడి బదులు తడి బెల్లం లాంటి ముద్ద ఉంటుంది. అది తూచినా లెక్క తప్పే.

ఈడీటీఏ (లోహ అయాన్లని పట్టుకునే రసాయనం) గురించి ఒక మాట. 0.5 మోలార్ స్టాక్ చేయాలంటే లీటరుకి 186.1 గ్రాముల డైసోడియం ఈడీటీఏ వేస్తారు. వేసి, అయస్కాంతం తిప్పుతూ కూర్చుంటారు. కరగదు. ఒక కుర్రాడు సాయంత్రం వేసి, రాత్రంతా తిరగనిచ్చి, పొద్దున నా దగ్గరికొచ్చి "మేడమ్, కెమికల్ డూప్లికేటేమో" అన్నాడు. పీహెచ్ 8 దగ్గరికి వచ్చేదాకా అది కరగదు బాబూ. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు కొంచెం కొంచెంగా వేయండి, లీటరుకి దాదాపు 20 గ్రాములు పడుతుంది. పాలలా ఉన్నది అద్దంలా తేటపడుతుంది. అది చూడ్డం ఇప్పటికీ నాకిష్టమే.

ట్రిస్ బఫర్‌ది ఇంకో గుణం. దాని పీహెచ్ వేడిని బట్టి మారుతుంది, ఒక్కో డిగ్రీకి 0.028 చొప్పున. 25 డిగ్రీల దగ్గర 8.0 పెట్టి 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లోకి తీసుకెళ్తే 8.6 దగ్గర ఉంటుంది. మే నెలలో ఏసీ పనిచేయని రోజు, గది 35 డిగ్రీలుండగా అదే బఫర్ 7.7కి దిగుతుంది. ఆసిడ్ పోసిన వెంటనే ద్రావణం వేడెక్కుతుంది కాబట్టి, చల్లారాకే పీహెచ్ చూడండి. ప్రొటీన్ పని కోల్డ్ రూమ్‌లో చేసేవాళ్లు బఫర్‌ని అక్కడే పెట్టి పీహెచ్ సరిచేసుకోవాలి. పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి వదిలేసేవాళ్లని చూస్తే నాకు కోపం. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి దాన్ని.

ఆసిడ్‌లో నీళ్లు కాదు, నీళ్లలో ఆసిడ్. ఇది ఇంటర్‌లోనే చదివారు. అయినా సల్ఫ్యూరిక్ ఆసిడ్ దగ్గర నిలబడ్డప్పుడు పైకే అనుకోండి.

రెండు మిల్లీగ్రాములు తూచాల్సిన లెక్క వస్తే, లెక్కే మార్చండి. ఇరవై తూచి స్టాక్ చేసి, పదో వంతుకి పలచన చేయండి. రెండు మిల్లీగ్రాముల దగ్గర ఫ్యాన్ గాలే బ్యాలెన్స్‌ని ఆడిస్తుంది.

నీలిరంగు, బ్లాంకు

రంగుతో కొలిచే ప్రయోగం ఒకటి ప్రతివాళ్లతో చేయిస్తాను, వాళ్ల ప్రాజెక్టుకి అవసరం లేకపోయినా. ఫాస్ఫరస్ కొలవడం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ 1925లో ప్రచురించిన పద్ధతి. ఆసిడ్‌లో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేట్ దాన్ని పట్టుకుంటుంది, దానికి ఒక రెడ్యూసింగ్ ఏజెంట్ కలిపితే నీలం రంగొస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే అంత చిక్కటి నీలం. ఈ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఆ తర్వాత కణాలకి శక్తినిచ్చే ఏటీపీని పట్టుకోగలిగారు. మనవాళ్లు సుబ్బారావు గారిని మందుల పేర్లతో తలుచుకుంటారు, మంచిదే. కానీ ల్యాబ్‌లో పనిచేసే నాకు మాత్రం ఆ నీలిరంగు గొట్టాల వరసే గుర్తొస్తుంది. ఏ గొప్ప పేరైనా ముందు ఒక నమ్మకమైన కొలతతోనే మొదలైంది.

చేసే తీరు ఇది. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 136.1 మిల్లీగ్రాములు తూచి లీటరు చేస్తే ఒక మిల్లీమోలార్ స్టాక్. దాన్ని పలచన చేస్తూ ఆరు మెట్లు, అంటే ఆరు తెలిసిన గాఢతలు, చేయండి, సున్నాతో కలిపి. ప్రతి మెట్టుకీ రెండేసి గొట్టాలు. రంగు వచ్చాక అన్నిటికీ ఒకే సమయం ఇచ్చి, రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గర చదవండి. గ్రాఫు గీస్తే గీత తిన్నగా రావాలి. రెండు జంట గొట్టాల మధ్య తేడా మీ పిపెట్ పరీక్షలో వచ్చిన చెదురుకి దగ్గరగా ఉంటే సరే. చాలా ఎక్కువుంటే ఎక్కడో కలపడం మరిచారు.

మీ శాంపిల్ రీడింగు ఆ మెట్ల మధ్యలో పడాలి. పై మెట్టు దాటిపోతే గీతని స్కేలుతో పొడిగించకండి. పైకెళ్లేకొద్దీ గీత వంగుతుంది, స్పెక్ట్రోఫోటోమీటర్ కూడా బాగా చిక్కటి రంగు దగ్గర తడబడుతుంది. శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ చదవండి.

ఇందులో అందరికీ తగిలే దెబ్బ ఒకటుంది. సున్నా గొట్టం నీలంగా వస్తుంది. ఫాస్ఫేట్ వేయలేదు కదా, ఎక్కణ్ణుంచి వచ్చింది? గ్లాస్‌వేర్ కడిగిన సబ్బు పొడి నుంచి. చాలా డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ ఉంటుంది, గాజుకి పట్టి వదలదు. ఆ గ్లాస్‌వేర్‌ని పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో కడిగి, మంచి నీళ్లతో చాలాసార్లు తొలిచి, మళ్లీ చేయమంటాను. నేను ముందే చెప్పి ఆ తప్పు తప్పించొచ్చు. చెప్పను. సున్నా గొట్టం నీలంగా మారడం ఒకసారి కళ్లారా చూసినవాళ్లు, తర్వాత జన్మలో బ్లాంకు, అంటే కొలిచే పదార్థం వేయని గొట్టం, పెట్టడం మానరు.

పీసీఆర్, ఎట్టకేలకు

చిన్న లెక్క చెప్తాను. ప్రతి సైకిల్‌కీ (వేడిచేసి చల్లార్చే ఒక్కో చుట్టుకీ) డీఎన్‌ఏ రెట్టింపైతే 30 సైకిళ్లకి ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. కేరీ మల్లిస్‌కి 1993లో నోబెల్ తెచ్చిన గొప్పతనం అదే, మన తలనొప్పీ అదే. నిన్నటి పీసీఆర్ గొట్టం మూత తెరిచినప్పుడు కంటికి కనిపించని తుంపర పిపెట్ మీద, గ్లవ్ మీద పడుతుంది. అందులో ఒక్క ముక్క ఈ రోజు గొట్టంలోకి పోయినా చాలు.

అందుకని పీసీఆర్ కలిపే చోటు వేరు, అయిపోయిన గొట్టం తెరిచి గెల్‌లో వేసే చోటు వేరు. పిపెట్లు కూడా వేరు. గది లేకపోతే కనీసం బల్లకి ఈ చివర, ఆ చివర. కలిపేటప్పుడు ఫిల్టర్ టిప్స్ వాడండి. కొత్త ప్రైమర్, కొత్త నీళ్లు రాగానే చిన్న చిన్న అలికోట్లు చేసేయండి, అంటే వేరే గొట్టాల్లోకి కొంచెం కొంచెంగా పంచి పెట్టండి. పది రియాక్షన్లు ఉంటే మాస్టర్ మిక్స్ (అన్ని గొట్టాలకీ ఒకేసారి కలిపే మిశ్రమం) పదకొండుకి చేయండి, ఎందుకంటే టిప్ గోడలకి అంటుకునేది ఎప్పుడూ ఉంటుంది. అన్నీ ఐసు మీద కలిపి, డీఎన్‌ఏ చివర్లో. అన్నిటికంటే చివర, డీఎన్‌ఏ బదులు నీళ్లు పోసిన గొట్టం. దాన్ని ముందే మూసేసి పక్కన పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే అది మీ పని గురించి ఏమీ చెప్పదు. మిగతా గొట్టాలు పడ్డ కష్టాలన్నీ అదీ పడాలి. బ్యాండ్ వస్తుందని తెలిసిన డీఎన్‌ఏ ఒకటి కూడా పెట్టండి. ఏ గొట్టంలోనూ ఏమీ రాకపోతే తప్పు శాంపిల్‌దా, మిక్స్‌దా అని చెప్పేది అదొక్కటే.

ఒకసారి మూడు వారాలపాటు మా ల్యాబ్‌లో అందరి నీళ్ల గొట్టంలోనూ బ్యాండ్ వచ్చింది. టెన్షన్ అంతా ఇంతా కాదు, ఒకరినొకరు అనుమానించుకున్నారు. నేను వరసగా ఒక్కో వస్తువు మార్చి చూశాను. రోజుకి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే ఏది తప్పో తెలియదు. నాలుగో రోజు దొరికింది. అందరూ కలిసి వాడుకునే ఒకే ఒక నీళ్ల సీసా. దాన్ని పారబోసి అలికోట్లు చేశాక శాంతి. ఆ సీసాలోకి పాత టిప్‌తో ఎవరు దిగారో నేను కనుక్కోలేదు, కనుక్కోవాలనీ అనుకోలేదు.

గెల్ నడిపేటప్పుడు డీఎన్‌ఏ రుణ విద్యుదావేశం కాబట్టి ధన ధ్రువమైన ఎర్ర వైరు వైపు పరుగెడుతుంది. వైర్లు తిరగేసి పెడితే శాంపిల్ వెనక నుంచి బఫర్‌లోకి పోతుంది, దాంతో రోజంతా వృథా. పెట్టిన రెండు నిమిషాలకి వంగి చూడండి, వైరు నుంచి బుడగలొస్తున్నాయా, నీలం రంగు సరైన వైపు కదులుతోందా అని. ఇథిడియం బ్రోమైడ్ (గెల్‌లో డీఎన్‌ఏ కనిపించడానికి వాడే రంగు) ముట్టుకున్న గ్లవ్‌తో తలుపు పిడి, కీబోర్డు, ఫోన్ ముట్టుకోవద్దు. ఈ ఒక్క విషయంలో నేను అరుస్తాను.

సెంట్రిఫ్యూజ్, ఆటోక్లేవ్: త్వరగా

సెంట్రిఫ్యూజ్ గొట్టాల్ని గిరగిరా తిప్పి బరువైనదాన్ని అడుక్కి దించుతుంది. ప్రొటోకాల్‌లో "13,000 ఆర్పీఎం" (నిమిషానికి అన్ని చుట్లు) అని ఉంటే అది సగం సమాచారమే. గొట్టాలు పెట్టే చక్రం, అంటే రోటార్, అర్ధవ్యాసం 8.4 సెంటీమీటర్లయితే ఆ వేగం దగ్గర భూమ్యాకర్షణకి 15,900 రెట్ల బలం, 6 సెంటీమీటర్లయితే 11,300. ఆ రెట్లు చెప్పే జీ విలువ చూసి పెట్టండి, రాసేటప్పుడూ అదే రాయండి. ఎదురెదురు గొట్టాల బరువు సమానంగా ఉండాలి, కంటితో చూసి కాదు, తూచి. వేగం అందుకునేదాకా దాని పక్కనే నిలబడండి. శబ్దం మారితే వెంటనే ఆపండి.

ఆటోక్లేవ్ అంటే సూక్ష్మజీవుల్ని చంపే పెద్ద ప్రెషర్ కుక్కరే. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నుంచి 20 నిమిషాలు. సీసా మూత వదులుగా ఉంచాలి, నిండా నింపకూడదు. ఒత్తిడి సున్నాకి రాకుండా తెరిస్తే లోపలి మీడియా (సూక్ష్మజీవుల్ని పెంచే ద్రావణం) పొంగిపోతుంది. ఇంట్లో కుక్కర్ చల్లారకుండా మూత లాగితే ఏమవుతుందో మీకు తెలుసు.

నోట్‌బుక్, లేబుళ్లు

కుట్టిన నోట్‌బుక్, పేజీ నంబర్లున్నది. పెన్‌తో రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది, వైట్‌నర్ వద్దు. పని అయ్యాక కాదు, పని చేస్తూ రాయాలి. గ్లవ్ మీద, టిష్యూ మీద, అరచేతిలో రాసుకుని సాయంత్రం ఎక్కిద్దాం అనుకునేవాళ్ల నోట్‌బుక్‌లో అన్నీ గుండు అంకెలే ఉంటాయి. గెల్ చేసే పొడి తూస్తే "అగరోజ్ 0.5 గ్రా." అని కాదు, "0.5032 గ్రా." అని. మీరు తూచాలనుకున్నది ప్రొటోకాల్‌లో ఎలాగూ ఉంది, నిజంగా తూచినది మీ దగ్గర మాత్రమే ఉంది. సీసా లాట్ నంబరు, ఏ పిపెట్, ఏ మిషన్, కరెంటు పోతే ఎన్ని నిమిషాలు, ఇవన్నీ రాయండి. మెగ్నీషియం గొడవ తేలింది కూడా నేను ఆ స్టాక్ చేసిన తేదీ, తూచిన గ్రాములు నా నోట్‌బుక్‌లో ఉండబట్టే. నా తప్పుని నా రాతే పట్టించింది.

ఒకే గొట్టంలోంచి మూడుసార్లు తీసి చదివి, "మూడుసార్లు చేశాను" అని రాసేవాళ్లు చాలామంది. అది మీ పిపెట్ పరీక్షే, ప్రయోగం కాదు. వేరే రోజు పెంచిన కల్చర్, వేరే ఎలుక, వేరే మొక్క అయితేనే ఇంకోసారి చేసినట్టు. ఈ రెండు రకాలకీ నోట్‌బుక్‌లో వేరే గుర్తులు పెట్టుకోండి.

లెక్కపెట్టే పనులు, అంటే కాలనీలు, మైక్రోస్కోపు కింద కణాలు ఉంటే, ప్లేట్ల మీద అసలు పేర్లు కనిపించకుండా పక్కవాళ్లతో అంకెలు వేయించి లెక్కపెట్టండి. ఏది మందు వేసిన ప్లేటో తెలిస్తే చేయి తెలియకుండానే ఆ అనుమానపు చుక్కల్ని ఒకవైపు వేసేస్తుంది. ఇది మోసం కాదు, ఆశ. నేనే ఒకసారి తెలిసి లెక్కపెట్టి, తెలియకుండా మళ్లీ లెక్కపెట్టి చూసుకున్నాను. రెండోసారి తేడా సగానికి తగ్గింది. మా సార్‌కి ఆ రెండో అంకెలే ఇచ్చాను. ఆయన మొహంలో నిరాశ కనిపించింది కానీ ఏమీ అనలేదు.

గొట్టం మూత మీద నంబరు, పక్కన పేరు, గాఢత, తేదీ, మీ పొడి అక్షరాలు. "నమూనా 1" అనే లేబుల్ మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు, ఆరు నెలలకి మీకూ కాదు. బల్ల తుడిచే ఆల్కహాల్ తగిలితే మార్కర్ రాత చెరిగిపోతుంది, తుడిచాక గొట్టాలు ఒకసారి చూసుకోండి. మైనస్ 80 ఫ్రీజర్‌లో మామూలు స్టిక్కర్లు ఊడిపోయి డబ్బా అడుగున రాలిపడి ఉంటాయి. ఆ చలికి తట్టుకునే లేబుళ్లు వేరే దొరుకుతాయి, అవి అంటించేటప్పుడు గొట్టం పొడిగా, గది వేడిలో ఉండాలి.

మీ డబ్బా ఏ అరలో, ఎన్నో వరసలో ఉందో నోట్‌బుక్ చివరి పేజీలో బొమ్మ గీసుకోండి. వెతుకుతూ మైనస్ 80 తలుపు ఐదు నిమిషాలు తెరిచి నిలబడితే, లోపల ఇరవైమంది శాంపిల్స్ ఉన్నాయని గుర్తుంచుకోండి. మూసేటప్పుడు రబ్బరు అంచు మీద మంచు పేరుకుందేమో చూసి, గుడ్డతో తుడిచి, పిడి పూర్తిగా తిప్పండి. వెళ్లిపోయేముందు డిస్‌ప్లే మీద అంకె దిగడం మొదలైందో లేదో చూసి వెళ్లండి.